మొదటి రచయిత జవాబు రావాలి

చియు సు-లాన్ పంపిన వ్యాసం పదకొండు రోజులుగా ఒకే వాక్యం కింద ఆగిపోయి ఉంది: 'మొదటి రచయిత జవాబు రావాలి.' పొద్దున్నే లైబ్రరీకి వచ్చి, గొడుగు విప్పి మూలన ఆరబెట్టి, కంప్యూటర్ తెరవగానే ఆమె చూసేది దాన్నే. వాక్యం మారేది కాదు. ఆమె ముఖమూ మారేది కాదు.

గ్రంథాలయ సాంకేతికత మీద మూడు నెలలకోసారి వచ్చే ఆ పరిశోధన పత్రికకి ఒక పద్ధతి ఉంది. వ్యాసం మీద ఎందరి పేర్లుంటే అందరికీ ఒక్కో మెయిల్ వెళ్తుంది. ఇది నా పనే అని ఎవరికి వారు అందులోని లింకు నొక్కాలి. ఒక్కరు నొక్కకపోయినా వ్యాసం సమీక్షకుల చేతికి వెళ్లదు. సు-లాన్ నొక్కింది. మొదటి రచయిత వెన్ హో-చ్యాంగ్ నొక్కలేదు. ఆయన చనిపోయి నాలుగు నెలలయింది.

ఆ సంగతి ఆమెకి తెలియక కాదు. వివరాలు నింపే రోజు వెన్ పేరు పక్కన యూనివర్సిటీ మెయిల్ అడ్రసు వేళ్లు వాటంతటవే కొట్టేశాయి. ఇరవై రెండేళ్లు ఒకే లైబ్రరీలో కలిసి పనిచేసిన అలవాటు. ఆ మెయిల్ పెట్టెని ఏప్రిల్లో మూసేసింది కూడా ఆ వేళ్లే. కంప్యూటర్ విభాగంలో ఆ అధికారం ఉన్నది ఆమె ఒక్కదానికే. గేటు కార్డు, ప్రింటర్ నంబరు, లాకరు, మెయిల్: జాబితాలో పన్నెండు గళ్లు. పోయినవాళ్లకైనా, రిటైరైనవాళ్లకైనా జాబితా ఒకటే. ఇరవై నిమిషాల్లో అన్నిట్లో టిక్కు పెట్టి టీ కలుపుకుంది.

సు-లాన్ బుదాయ్ ఉప్పు మడుల పిల్ల. తెల్లటి గళ్లు, వాటి నడుమ గట్లు, గట్ల మీద తండ్రి నీడ. చియాయీ నగరానికి వచ్చి ఈ ఉద్యోగంలో చేరాక పుస్తకాల అరలు కూడా ఆమెకి అలాగే కనబడేవి, నీళ్లింకిపోయిన గళ్లలా. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగేవాళ్లు కూడా ఇప్పుడు అడగడం మానేశారు. పదహారేళ్లుగా ఒకే గ్రేడు. పై గ్రేడు రావాలంటే మొదటి పేరుతో ఒక వ్యాసమైనా పత్రిక సమీక్షకి వెళ్లి ఉండాలి.

ఉన్నది ఈ ఒక్క వ్యాసం. అది వెన్ చేసిన బండి గురించి.

తప్పు అరలో పెట్టిన పుస్తకం రికార్డులో ఉంటుంది, చేతికి మాత్రం దొరకదు. వెన్ ఒక బడి వంటశాలవాళ్లు పారేసిన భోజనాల బండి తెచ్చి దానికి యాంటెనా బిగించాడు. అరల మధ్య నెట్టుకుంటూ పోతే పుస్తకాల్లోని చిప్పులు ఒక్కొక్కటే తమ నంబరు చెబుతాయి. ఉండకూడని చోటినుంచి పలికిన నంబరుని సు-లాన్ రాసుకునేది. రోజూ తలుపులు తెరవకముందు గంటన్నర. పద్నాలుగు నెలలు. మూడువేల నూట పన్నెండు పుస్తకాలు దొరికాయి. తర్వాత వెన్ ఆస్పత్రిలో చేరాడు. తర్వాత లేడు. వ్యాసం ఆమె రాసింది.

బుధవారం డైరెక్టర్ పాన్ ఆమె బల్ల దగ్గర ఆగాడు.

"ఇంకా అక్కడే ఉందా?"

"అక్కడే ఉంది సర్."

"ప్రత్యేక సంచికకి శుక్రవారం ఐదింటితో గడువు. చూడమ్మా, వెన్ బంగారంలాంటి మనిషి, కాదన్నదెవరు? కానీ పోయినవాడికి గ్రేడెందుకు? చివర్లో కృతజ్ఞతలని ఒక పేరా ఉంటుందిగా, అందులో వెయ్యి. గౌరవంగా ఉంటుంది. మొదటి పేరు నీది పెట్టుకో."

"రెండో పేరు?"

"నాది పెట్టు. లైబ్రరీ పని డైరెక్టర్ పేరు లేకుండా బయటికెళ్తే జనం ఏమనుకుంటారు?"

"మీరు ఎప్పుడైనా ఆ బండి నెట్టారా సర్?"

ఎత్తిపొడుపు కాదు. ఫారంలో గడి నింపడానికి అడిగినట్టు అడిగింది. పాన్ నవ్వేశాడు. "నడుం నొప్పమ్మా నాకు. నన్నే బండి మీద వేసి నెట్టాలి."

పన్నెండున్నరకి, భోజనాలయ్యాక రోజూ తీసే కునుకు కోసం ఆఫీసులో దీపాలు ఆర్పేశారు. అందరూ చిన్న దిండ్లు తీసి బల్లల మీద తల వాల్చారు. మధ్యాహ్నపు చీకట్లో సు-లాన్ తెర ఒక్కటే వెలుగుతోంది, నీళ్లలో పడ్డ పళ్లెంలా. 'వెన్ హో-చ్యాంగ్. ఖాతా మూసినది. మూసినవారు: చియు సు-లాన్.' పక్కనే 'తిరిగి తెరువు' అని ఒక బటన్.

నొక్కింది.

మూసి ఉన్నా లోపలికి వచ్చి పడుతూనే ఉన్న నాలుగు వందల మెయిళ్లు. పుస్తకాల కంపెనీల ప్రకటనలు. అగ్నిమాపక శిక్షణకి రాలేదేమని ఒకటి. అన్నిటికంటే పైన పత్రిక పంపిన లింకు. తెరిస్తే ఒకే వాక్యం: 'ఈ పని నాదేనని నేను స్వయంగా చెబుతున్నాను.' బాణం గుర్తు ఆ వాక్యం కింద ఆగింది. చూసేవాళ్లెవరూ లేరు. ఎవరో సన్నగా గురక పెడుతున్నారు.

ఏడుపు వస్తుందేమో అని చూసింది. రాలేదు. చూపుడువేలు మాత్రం చల్లగా ఉంది. పద్నాలుగు నెలల్లో ఒక్కరోజూ బండికి వినపడని నంబరుని విన్నట్టు రాయలేదు. పుస్తకం కళ్లెదుటే ఉన్నా, చిప్పు పలక్కపోతే ఆ గడి ఖాళీగా వదిలేయమనేవాడు వెన్. 'నేను స్వయంగా' అన్న మాట దగ్గర పలికేవాళ్లు లేరు.

మెయిల్ పెట్టెని మళ్లీ మూసింది. దీపాలు వెలిగాక పత్రిక ఆఫీసుకి ఫోన్ చేసింది.

"చనిపోయారా? అయ్యో!" అందో ఆడగొంతు. "దానికి వేరే ఫారం ఉందక్కా. ఇంటివాళ్లు వాళ్ల పేరు ముద్ర వేసివ్వాలి. అచ్చులో ఆయన పేరు పక్కన చిన్న గుర్తు పెట్టి, ఫలానా నెలలో చనిపోయారని కింద వేస్తాం. శుక్రవారం ఐదింటిలోపు పంపెయ్యండి, సరేనా?"

గురువారం సెలవు పెట్టి స్కూటర్ మీద మిన్‌షోంగ్ వెళ్లింది. వెన్ భార్య లువో చిన్-యే వాకిట్లో పీట మీద కూర్చుని వెదురు మొలకలు వలుస్తోంది. పొట్టు చీలిన చప్పుడు తప్ప ఇంట్లో ఏ చప్పుడూ లేదు.

"వదినా."

"మళ్లీ కాగితమా!" సంచీ చూడగానే అంది చిన్-యే. "బతికుండగా మీ అన్న ఇన్ని కాగితాలు ముట్టుకోలేదే. పోయాక తీరిక దొరికింది మహానుభావుడికి. ఇదెక్కడిది, బీమాదా?"

"పత్రికది. బండి గురించి రాసిన వ్యాసం."

"ఆ దిక్కుమాలిన బండి గురించా? ఎంత రాశారేంటి?"

"పంతొమ్మిది పేజీలు."

"అమ్మో! నాకు పెళ్లికి ముందు రెండు ఉత్తరాలు రాశాడు. రెండూ కలిపి ఒక పేజీ రాదు."

చేతులు తుడుచుకుని ఫారం చదివింది. 'రచయిత మరణించిన తేదీ' అన్న చోట వేలు ఆగింది. లోపలికి వెళ్లి ఒక చిన్న డబ్బా తెచ్చి మూత తీసింది. అందులో సంతకానికి బదులు కొట్టే వెన్ పేరు ముద్ర ఉంది, అంచున ఎర్రసిరా ఎండిపోయి.

"ఇది గుద్దేద్దాం. ఆ తేదీ గడి ఖాళీగా వదిలెయ్యి. పత్రికవాళ్లు ఇంటికొచ్చి చూస్తారా ఏంటి? బ్యాంకు, బీమా, పంచాయతీ, అన్నిచోట్లా పోయాడని నా చేత్తోనే రాశాను. ఒక్కచోటైనా ఉండనీ."

వాన మొదలైంది. ఎదుటి అనాస తోట నెమ్మదిగా బూడిదరంగులోకి వెళ్లిపోయింది.

"వద్దు వదినా," అంది సు-లాన్. "మీ ముద్ర వెయ్యండి."

"రాయివే నువ్వు."

"అవును."

చిన్-యే ఫారాన్ని మళ్లీ తన వైపు తిప్పుకుంది. "ఆయన పేరు ఎక్కడుంటుంది?"

"మొదట. నాది రెండోది."

"మొదటి పేరు లేకపోతే నీకు గ్రేడు రాదని ఆయనే చెప్పేవాడు. నీది ముందు పెట్టుకోవే పిచ్చిదానా, నేనేం అనుకోను."

"బండి ఆయన చేశాడు. నేను రాసుకున్నాను."

చిన్-యే డబ్బా మూత పెట్టేసింది. తన ముద్ర తెచ్చి, తేదీ రాసి, గట్టిగా గుద్దింది. సిరా ఆరేదాకా కాగితం మీద ఊదుతూ, "అన్నం తిని వెళ్లు. మొలకల పులుసు ఉంది," అంది. సు-లాన్ రెండు గిన్నెలు తింది. రుచి తెలియలేదు, వేడి తెలిసింది.

శుక్రవారం మూడింటికి ఫారం వెళ్లింది. నాలుగూ పదికి తెర మీద వాక్యం మారింది: 'సమీక్షకులకు పంపబడింది.' పాన్ వచ్చి చూశాడు. పేర్లు రెండే. వరసా మారలేదు.

"ఈ ఏడాది గ్రేడు ఫారాలు ఇవాళే ఇవ్వాలి, తెలుసుగా?"

"తెలుసు సర్."

ఆయన పెదవి విరిచి వెళ్లిపోయాడు. సు-లాన్ సొరుగులోంచి తన ఫారం తీసింది. పేరు, చేరిన సంవత్సరం, ఇప్పటి గ్రేడు. ఏడో గడి: 'మొదటి రచయితగా పంపిన వ్యాసాలు.' కలం ఒక్క క్షణం కూడా తడబడలేదు. గడికి సరిగ్గా నడిమధ్యన గుండ్రంగా సున్నా చుట్టి, ఎనిమిదో గడికి వెళ్లింది.