సైలెన్సర్ ముందు పత్తి

మా అన్న డీజిల్ లారీ తోలిన రోజుల్లో బండిని మా వీధిలోకి ఎన్నడూ తేలేదు. ఎమ్మిగనూరు నుంచి వస్తూనే మెయిన్ రోడ్డు మీద ఆపి, ఇంటికి నడిచి వచ్చేవాడు. అమ్మకు ఆయాసం. ఆదోని జిన్నింగు మిల్లులో పత్తి ఎత్తీ ఎత్తీ, ఆ దుమ్ము పీల్చి తెచ్చుకున్న జబ్బు. పొగ తగిలితే చాలు, ఊపిరందదు.

పోయినేడు లారీ ఓనరు గ్యాసుతో నడిచే కొత్త లారీ కొని అన్నకిచ్చాడు. పొగ రాదు, గాలి చెడదు అని దాని వెనక ఆకుపచ్చ రంగుతో రాయించాడు కూడా.

నాకు పుట్టుకతోనే అనుమానం. పాలవాడు పోసిన పాలల్లో వేలు ముంచి చూడందే గిన్నె లోపలికి తీసుకుపోను. నిప్పు లేనిదే పొగ రాదంటారు, సరే. మరి పొగ రాని నిప్పు ఎక్కడుంది? అన్ననే అడిగాను.

అన్న నవ్వి, లోడులోంచి పిడికెడు పత్తి పీకాడు. మా ఊళ్లో పత్తి కొనేవాళ్లు చేసేదే అది. పీకి, వెలుతురులో పెట్టి, రంగు చూసి ధర చెబుతారు. ఇంజను ఆడుతుండగానే ఆ పత్తిని సైలెన్సర్ ముందు పట్టుకున్నాడు.

"సూడుమే, మల్లెపువ్వు మాదిరి ఉండాది. ఇంగేం అనుమానం నీకు?"

చూసినవాళ్లంతా ఒప్పుకున్నారు. ఆ మర్నాటి నుంచి లారీ మా గుమ్మం ముందరికే వచ్చింది. పొద్దున ఇంజను ఆన్ చేసి పెట్టి, అన్న గుమ్మం బయట వేసిన అమ్మ మంచం మీదే కూర్చుని టీ తాగేవాడు. అమ్మ దగ్గర ఇంకాసేపు ఉండొచ్చని సంబరం. పొగ నిజంగానే కనబడలేదు. నాకు మాత్రం కళ్లు మండేవి. అమ్మకు దగ్గు ఎక్కువైంది. చలికి అన్నాడు అన్న. ఎండలు ముదిరినా అది తగ్గలేదు, నాకు భయం పట్టుకుంది.

మొన్న పొద్దున బండి సంగతి మీద అన్నా నేనూ మళ్లీ పోట్లాడుకున్నాం. అన్నకు కోపమొచ్చింది. అమ్మ దిండు చినిగిన చోట పత్తి లాగి, సైలెన్సర్ ముందు పట్టి, తెచ్చి అమ్మ చేతిలోనే పెట్టాడు.

"నువ్వే సెప్పుమా, తెల్లగ ల్యాదా?"

అమ్మ దాన్ని రెండు వేళ్లతో విడదీసి చూసింది. దగ్గు ఆగాక అంది.

"నా రొమ్ము సెడగొట్టింది నల్లగ ఉన్నిందా అప్పా? ఈ పత్తే గదా. ఇట్లే తెల్లగ ఉన్నింది."

అన్న పోయి ఇంజను ఆపాడు. బండిని రోడ్డు మీదికి తీయాలంటే మళ్లీ ఆన్ చెయ్యక తప్పదు. ముందు అమ్మ మంచాన్ని ఇద్దరం మోసి లోపల పెట్టాం. అన్న తలుపు లాగి వెళ్లాడు. నేను తలుపు కింది సందులో పాత చీర కుక్కాను.