వెంకటరామయ్యగారి గొట్టం

వెంకటరామయ్యగారిది తెనాలి వైపు. ప్రభుత్వ కర్మాగారంలో ఫోర్‌మన్‌గా రిటైరై బీరంగూడ దగ్గర ఒక కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. శుభ్రత అంటే ప్రాణం. కాలనీ సంఘానికి అధ్యక్షుడు కాగానే, వీధుల్లో మురుగు నిలవకుండా పెద్ద గొట్టం వేయించి వాగులోకి వదిలించారు. ఆ తర్వాత అది ఏమవుతుందని ఎవరూ అడగలేదు. కాలనీ దాటితే చాలనుకున్నారు.

ఒక వేసవిలో యాదగిరి అనే రైతు వచ్చాడు. వాగు దిగువన అతనికి కొంచెం వరి పొలం ఉంది.

"సార్, వాగు నల్లగైంది. బోరుల నురుగొస్తున్నది. వరి ఏపుగ పెరుగుతున్నది గని ఎన్నుల అన్నీ తాలే, గింజ లేదు. మీరు సదువుకున్నోళ్లు, జెర మాట్లాడుండ్రి."

వెంకటరామయ్యగారి మనసు కరిగిపోయింది. "ఇదంతా ఫ్యాక్టరీల పనయ్యా. నీకు మేమున్నాం" అన్నారు.

ఆదివారం టిఫిన్లు ముగించుకుని కాలనీ పెద్దలందరూ ఒక ఫ్యాక్టరీ గేటు ముందు కూర్చున్నారు. యాదగిరిని ఫొటోలో పడేలా ముందు వరసలో కూర్చోబెట్టారు.

ధర్నా ఫలించి అధికారులు వచ్చారు. ఫ్యాక్టరీ సంగతి విడిగా తేలుస్తామని, ముందు ఈ నురుగు ఎక్కణ్ణించి వస్తోందో చూద్దామని వాగు వెంట పైకి నడిచారు. వెంకటరామయ్యగారు అందరికన్నా ముందు నడిచారు. నురుగు ఒక గొట్టం దగ్గర మొదలైంది. సబ్బు వాసన, కాస్త సాంబారు వాసన, చెప్పుకోకూడని వాసనలు మరికొన్ని. పక్కనే ప్రారంభోత్సవం నాటి పాలరాతి పలక.

"ఈ వెంకటరామయ్య ఎవరండీ?" అని అడిగాడొక అధికారి, పలక చదివి.

వెంకటరామయ్యగారు అందరికన్నా వెనక్కి జరిగారు.

ఆ సాయంత్రం సంఘం సమావేశమై, మురుగు శుద్ధి కేంద్రం కట్టాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఎక్కడ అనేసరికి ఎవరూ తమ వీధిలో ఒప్పుకోలేదు. పలక తీసేద్దామన్నాడు ఒకాయన. అది వెంటనే అమలైంది.

మర్నాడు వెంకటరామయ్యగారు యాదగిరి ఇంటికి వెళ్లి, "తప్పు మాదేనయ్యా" అన్నారు. యాదగిరి కుర్చీ వేశాడు. అతని భార్య రాజవ్వ టీ తెచ్చింది. ఆయన కప్పు అందుకున్నారు గానీ నోటిదాకా తీసుకెళ్లలేదు.

"బుగులు పడకుండ్రి సార్" అంది రాజవ్వ. "బోరు నీళ్లు గావు. మీ సంఘపోళ్ల వాటర్ ప్లాంటు కాడ క్యాన్ కొనుక్కొస్తున్నం."

ఆయన టీ మొత్తం తాగారు. రుచి మాత్రం తెలియలేదు. లేస్తూ, "రేపటి నుంచి మీకు క్యాన్ ఉచితంగా పంపిస్తానయ్యా" అన్నారు.

"మంచిది సార్" అన్నాడు యాదగిరి. "మరి పొలానికో?"