రాతిలో నిలవని జెల్

సార్ పోయారని శుక్రవారం పొద్దున్నే ఏలూరు నుంచి ఫోను. చేసింది సార్ భార్య, అమ్మగారే. "మీ సార్ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారమ్మా" అన్నారు. నాకు ఏడుపు కన్నా ముందు భయమేసింది. ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి ఏళ్ళ తరబడి నా దగ్గరే ఉండిపోయింది.

తాడేపల్లిగూడెం కాలేజీ ల్యాబ్‌లో నాకు రీసెర్చ్ నేర్పిన మనిషి ఆయన. చదివే మీకు కొత్తగా ఉంటుందేమో గానీ, చమురు బావుల్లో ఒక్కోసారి చమురు కన్నా నీళ్ళే ఎక్కువ వస్తాయి. ఆ నీటి దారిలోకి పల్చటి పాలిమర్ ద్రవం పంపితే, రాతి లోపల జెల్‌లా గట్టిపడి దారి మూసేస్తుంది. "రాయంటే గట్టిదనుకోకండి. ఇడ్లీ అనుకోండి, సాంబారు ఎటు పీలుస్తుందో చూడండి" అనేవారు సార్. పెంటపాడు నుంచి బస్సులో వేలాడుతూ వచ్చే నన్ను కూడా మీరనే పిలిచేవారు. ఎవరెంత చెప్పినా, సీసా స్వయంగా వంచి జెల్ జారుతుందో లేదో చూస్తే గానీ నమ్మేవారు కాదు. "తొందరపడకండి. గట్టిపడే టైము దానికి తెలుసండీ" అనేవారు.

తొందరపడింది నేనే. అప్పుడు ఒక చమురు బావి కోసం జెల్ తయారుచేస్తున్నాం. పరీక్షలకు ఆ బావి నుంచి క్యాన్లలో తెచ్చిన ఉప్పునీళ్ళే వాడాలి. ఆఖరి విడతకు అవి అయిపోయాయి. మళ్ళీ తెప్పించడానికి బద్ధకించి కాలేజీ కుళాయి నీళ్ళలోనే పాలిమర్ కలిపేశాను. రికార్డులో మాత్రం బావి నీళ్ళనే రాశాను. సార్ సీసా వంచి చూశారు, జెల్ కదల్లేదు. చిన్నపిల్లాడిలా మురిసిపోయారు.

బావిలో అది నెలైనా నిలవలేదు. ఆ ఉప్పుకు ముడుచుకుపోయింది, నీళ్ళు ఎప్పటిలాగే వచ్చాయి. చమురు కంపెనీ మీటింగులో సార్ లేచి, "ఫార్ములా నాదండీ, తప్పూ నాదే" అన్నారు. పక్కనే కూర్చున్న నేను నోరు విప్పలేదు. ఆ తర్వాత ఆయన చేతికి ఇంకో బావి ఎవరూ ఇవ్వలేదు.

నిన్న ఏలూరు చర్చిలో జ్ఞాపకార్థ కూడిక జరిగింది. సార్ గురించి సాక్ష్యం చెప్పేవాళ్ళు ముందుకు రావచ్చన్నారు పాస్టరుగారు. సార్‌తో పనిచేసిన ఒకాయన ఆయన్ని ఎంతో మెచ్చుకుని, "ఆ ఒక్క బావి దగ్గరే పొరపడ్డారండీ, పాపం" అన్నారు. నాకిక కూర్చోబుద్ధి కాలేదు. మైకు దగ్గరికి వెళ్ళి ఉన్నదంతా చెప్పేశాను.

దిగి వచ్చి అమ్మగారి ముందు నిలబడ్డాను.

"రిటైరయ్యాక కూడా ఆ రికార్డు పుస్తకమే ముందేసుకుని కూర్చునేవారమ్మా. ఎక్కడ తప్పానో దొరకట్లేదే అనేవారు" అన్నారు.

ఆవిడ నా వైపు చూడలేదు. ఒళ్ళో ఉన్న సార్ ఫోటో అద్దాన్ని కొంగుతో తుడుస్తూనే ఉన్నారు.