తొమ్మిదో అంతస్తు ఎత్తు

మా ఊరి చెరువుకు రాతిమెట్లు ఉన్నాయి. ఎవరు కట్టించారో తెలియదు. చాలా పాతవని మాత్రం అందరూ చెబుతారు. గిద్దలూరు వైపు వానలు తక్కువ, చెరువులో నీళ్లూ అంతే. ఏడాదిలో ఎక్కువ రోజులు మెట్ల కింద మేకలే మేస్తుంటాయి. అయినా సాయంత్రమైతే ఊళ్లో సగం మంది వెళ్లి కూర్చునేది అక్కడే.

రెండేళ్ల కిందట ఆ మెట్లకు ఆనుకుని ఉన్న స్థలంలో ఒక బోర్డు లేచింది. తొమ్మిది అంతస్తుల అపార్టుమెంటు వస్తుందట, ప్రతి బాల్కనీ నుంచి సరస్సు కనిపిస్తుందట. బోర్డు మీది సరస్సులో తెల్లపడవ కూడా ఉంది. ఆ రోజుకు మా చెరువులో గేదె మునిగేటన్ని నీళ్లు లేవు.

అడ్డుకోవడానికి సంఘం పెట్టుకున్నాం. రిటైరైన సర్వేయరు ఒకాయన అధ్యక్షుడు. నాకు బస్టాండు దగ్గర పుస్తకాల దుకాణం ఉంది. తెల్లకాగితాలకు ఇబ్బంది ఉండదని నన్ను కార్యదర్శిని చేశారు.

చిక్కేమిటంటే, మా ఊళ్లో మూడంతస్తులకు మించిన మేడ లేదు. తొమ్మిదంటే ఎంత ఎత్తో ఎవరికీ ఊహకు అందలేదు. "చెప్తే అర్థం కాదబ్బాయ్, చూపియ్యాల," అన్నాడు సర్వేయరు. మార్కాపురం వెళ్లి, బట్టల దుకాణాలవాళ్లు ప్రచారానికి ఎగరేసే గ్యాసు బెలూనును అద్దెకు తెచ్చాడు. టేపుతో తొంభై అడుగుల తాడు కొలిచి మెట్ల పక్కన ఎగరేశాడు. ఎర్రటి బెలూను. దాని మీద "ఆషాఢం తగ్గింపు" అన్న అక్షరాలు ఇంకా చెరిగిపోలేదు.

ఆదివారం జనం తిరనాళ్లకు వచ్చినట్టు వచ్చారు. తలలెత్తి చూశారు. భయపడతారని మేం ఎదురుచూశాం.

"అంతెత్తా! ఆడ్నించి చూస్తే నల్లమల కనపడతాదా?" అని ఒకాయన అడిగాడు.

"కనపడతాది. గాలి గూడా బాగా వస్తాది," అన్నాడు పక్కాయన, అప్పుడే పైనుంచి దిగి వచ్చినవాడిలా.

నేను బల్ల వేసుకుని సంతకాల పుస్తకంతో కూర్చున్నాను. జనం తోసుకుంటూ వచ్చి సంతకాలు పెట్టారు. పుస్తకం నిండిపోతే దుకాణానికి పరుగెత్తి ఇంకోటి తెచ్చాను. ఊరికి చెరువు మీద ఇంత ప్రేమ ఉందా అని పొంగిపోయాను. అంతలో మేకలు కాసుకునే ఒక పెద్దామె వేలిముద్ర వేసి, నా చెవి దగ్గరికి వంగింది.

"నాయనా, నాకు కిందిదే రాసుకో. మేకలు ఎక్కుతాయి గానీ నా మోకాళ్లు ఎక్కవు."

"కిందిదేంది పెద్దమ్మా?"

"ఇల్లే!"

పేజీలు వెనక్కి తిప్పి చూశాను. సంతకాల పక్కన "తూర్పు ముఖం", "నాలుగో అంతస్తు చాలు", "మా అత్త ఇంటి పక్కన వద్దు" అని రాసి ఉంది. తప్పు నాదే. పైన "తొమ్మిది అంతస్తుల భవనం గురించి" అని లావుగా రాసి, మా అభ్యంతరాన్ని కింద ఆఫీసు తెలుగులో సన్నగా రాశాను. అక్కడిదాకా ఎవరూ చదవలేదు.

సిగ్గుతో బల్ల ఎక్కి అరిచాను. "అయ్యా, ఇది ఇళ్లు ఇచ్చేదానికి కాదు, వద్దనేదానికి!"

"సరేలే అన్నా, మాది రాసుకున్నాక వద్దను," అంది ఒకావిడ.

సంతకం కొట్టేసుకోవాలంటే కొట్టేసుకోండని పుస్తకం ముందుకు జరిపాను. ఒక్కరూ కొట్టేయలేదు. కొట్టేస్తే తమ వరస పోతుందని భయం.

ఆ పుస్తకాలతోనే రెవెన్యూ ఆఫీసరు దగ్గరికి వెళ్లాం. ఆయన ఓపిగ్గా తిరగేసి, ఒకచోట ఆగారు. "'మా అత్త ఇంటి పక్కన వద్దు.' ఇదేమిటండీ?"

"అభ్యంతరమే సార్," అన్నాడు సర్వేయరు, ముఖం ఏమాత్రం మారకుండా.

నాకు మనసొప్పక జరిగిందంతా చెప్పేశాను. ఆఫీసరు నవ్వలేదు. పుస్తకం మూసి, "సంతకాల సంగతి అట్ల ఉంచండి. ఆ స్థలం చెరువు హద్దు లోపలిదా, బయటిదా?" అని అడిగారు.

ఇన్ని నెలల్లో ఆ ప్రశ్న మాలో ఎవరికీ తట్టలేదు. ఆకాశంలోకి తొంభై అడుగులు కొలిచిన మనిషి నేల మీద టేపు పరచలేదు.

రెవెన్యూవాళ్లు వచ్చి కొలతలు వేస్తే స్థలంలో సగం చెరువుదేనని తేలింది. అనుమతి ఆగిపోయింది, పడవ బోర్డు దిగిపోయింది. ఇల్లు ఎప్పుడిస్తారని నా దుకాణానికి వచ్చినవాళ్లకు సర్దిచెప్పడానికి కొన్నాళ్లు నానా అవస్థా పడ్డాను.

తర్వాత మెట్ల దగ్గర ప్రభుత్వంవాళ్లు కొత్త బోర్డు పెట్టారు. ఇవి పురాతనమైన మెట్లనీ, వీటి మీద ఎవరూ కూర్చోరాదనీ. సర్వేయరు, నేను నిలబడి దాన్ని రెండుసార్లు చదివాం.

"ఇది మనకి గాదులే," అంటూ ఆయన రెండో మెట్టు మీద కూర్చున్నాడు. అటూ ఇటూ చూసి నేనూ కూర్చున్నాను.