జాకెట్ తొడుక్కున్న ఫోన్

మా పిన్నికి ఈ లోకంలో ఒక్క మాటంటేనే భయం: అప్‌డేట్. దొంగలకు భయపడదు, బాబాయికి అసలే భయపడదు. ఫోన్‌లో ఆ మాట కనిపించిందంటే మాత్రం కుట్టుమిషన్ ఆపేసి, "నొక్కకు!" అని వీధి చివరికి వినపడేలా కేకేస్తుంది.

ఆవిడ దర్జీ. జాకెట్ల మీద పూలూ లతలూ కుట్టడంలో దిట్ట. వాటికోసం ఒక యాప్‌లో డబ్బు కట్టి డిజైన్లు కొనుక్కుంది. ఒకరోజు అప్‌డేట్ నొక్కింది. అంతే! పూలు లేవు, లతలు లేవు, 'ఇవి ప్రస్తుతం అందుబాటులో లేవు' అన్న ముక్క మిగిలింది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసింది.

"మేడమ్, మీరు కొన్నది డిజైన్లు కాదండీ, వాటిని చూసుకునే అనుమతి."

"అలాగా నాయనా! మరి మీ ఆవిడ నా దగ్గర జాకెట్ కుట్టించుకుంటే, నెల తర్వాత నేనొచ్చి కుట్లు విప్పుకుపోవచ్చా? నేనిచ్చింది తొడుక్కునే అనుమతే కదా?"

అవతల చాలాసేపు సంగీతం వినిపించింది.

ఆ తర్వాత ఆ ఫోన్ అప్‌డేట్ మొహం చూడలేదు. పొరపాటున ఎవరి వేలైనా తగులుతుందేమోనని పిన్ని దానికీ ఒక జాకెట్ కుట్టింది, అస్తరు వేసి, ముందు హుక్కులు పెట్టి మరీ! ఫోన్ మోగితే ఆ హుక్కులన్నీ విప్పేలోపు అవతలివాళ్ళు విసుగొచ్చి పెట్టేసేవారు.

"మీ పిన్నితో మాట్లాడాలంటే పని మానుకుని ఇంటికి రావాల్సొస్తోందిరా," అని బాబాయి మొత్తుకునేవాడు.

ఒకసారి ఛార్జింగ్ సరిగ్గా ఎక్కడం లేదంటే నేనూ పిన్నీ రిపేరు షాపుకి వెళ్ళాం. "బాగా పాతబడిందమ్మా, ముందు అప్‌డేట్ కొడదాం," అని షాపాయన వేలు పెట్టబోయాడు.

"నొక్కకు!"

పిన్ని ఫోన్ లాక్కుని, మెడలో కొలతల టేపు ఎగురుతుండగా రోడ్డు మీదికి పరుగెత్తింది. షాపాయన నావైపు వంగి, "దొంగ ఫోనా?" అని మెల్లగా అడిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

చిర్రెత్తుకొచ్చి మర్నాడే కొత్త ఫోన్ కొనుక్కెళ్ళాను. "నీ డిజైన్లు ఎప్పుడో పోయాయి కదా పిన్నీ! ఆ డొక్కులో ఇంకేముందని ఈ కాపలా?"

"ఉష్!" అని గడియారం చూసింది. మధ్యాహ్నం మూడు. మిషన్ ఆపి, హుక్కులు విప్పి, ఫోన్‌ని కిటికీలో పెట్టి సౌండంతా పెంచింది. అందులో ఎవరో ఒకాయన గంభీరంగా నవల చదువుతున్నాడు.

"నీకు నవలలిష్టమా?"

"ఛీ! వీడి గొంతు వింటేనే నాకు ఒళ్ళు మంట."

పై వాటాలో కుర్చీ జరిగిన చప్పుడైంది. అక్కడ రిటైరైన నర్సమ్మ ఒక్కతే ఉంటుంది. చూపు మందగించాక వినడానికని ఆవిడ ఇంకో యాప్‌లో కొనుక్కున్న నవలలివి. ఆ యాప్ మూతపడి, ఆవిడ ఫోన్లోవన్నీ మాయమయ్యాయి. ఒకప్పుడు ఇద్దరూ కలిసి ఆవిడ ఖాతాతో పిన్ని ఫోన్‌లోకి దించుకున్నవి మాత్రం బతికున్నాయి. అప్‌డేట్ నొక్కితే అవీ పోతాయని పిన్ని భయం.

"ఫోనే పైకి ఇచ్చెయ్యొచ్చుగా?"

"ఇచ్చా. 'నీ ఫోన్ నాకెందుకమ్మా' అని తిప్పి పంపింది. మొహమాటం మనిషి. అందుకే నాకే నవలల పిచ్చి పట్టిందని చెప్పా."

నాకు పిన్నిని చూస్తే భలే ముచ్చటేసింది. అంతలో పైనుంచి కేక వినిపించింది.

"ఏమే నవలల పిచ్చిదానా! ఇది నిన్న వేసిందేగా! ముందుకు జరుపు!"

పిన్ని నాలిక్కరుచుకుంది.

"ఉండు, నేను జరుపుతా," అని గట్టిగా అంటూ నేను చెయ్యి చాపాను.

"నొక్కకు!"

ఈసారి ఆ కేక కిందనుంచీ పైనుంచీ ఒక్కసారే వచ్చింది.