జాడీలో ఊపిరి

ట్రాఫిక్ కాలనీ చర్చిలో ప్రభువు బల్ల ఆరాధనకు కావలసిన ద్రాక్షరసం ఏటా ఆలిస్ ఇంట్లోనే పులుస్తుంది. రోజూ పొద్దున్నే ఆమె జాడీకి చెవి ఆనించి, లోపల బుసబుసమనే చప్పుడు వింటుంది. ద్రాక్ష పిసికేది మాత్రం భర్త హెన్రీ. ఈ ఏడు పిసికిన మూడో రోజే గుండె ఆగి పోయాడు. పెట్టెలో పడుకోబెట్టినప్పుడు కూడా అతని గోళ్లలో ద్రాక్ష నలుపు పోలేదు. "పంచదార ఉన్నంతసేపే ఇది ఊపిరి తీస్తాది ఆలిస్, ఊపిరాగితేనే వైన్ అయినట్టు," అనేవాడు. నలభై రోజులు దాటాయి. సంఘపెద్ద తీతు ఖాళీ సీసాలతో మూడోసారి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇంకా అవనేదేటి వదినా? ఆదివారమే కదా బల్ల!"

"ఇంకా ఊపిరి తీస్తంది, తీతూ."

అతను వెళ్లగానే ఆమె గడియ పెట్టి, జాడీ మూత తీసి, మరో గుప్పెడు పంచదార పోసి, చెవి ఆనించి కూర్చుంది. కాసేపటికి లోపల హెన్రీ ఊపిరి తీసుకున్నాడు.