ఇఫ్ పాఠానికి ఎండుమిరపకాయలు

నలభైమంది పిల్లలున్న తరగతి గదిని అర నిమిషంలో ఖాళీ చేయించాలంటే పోలీసులకైనా బాష్పవాయువు కావాలి. నాకు పిడికెడు ఎండుమిరపకాయలు సరిపోయాయి. అదీ ఎప్పుడు? ఉద్యోగం కోసం వెళ్లిన రోజున! పదేళ్లయింది కాబట్టి నవ్వుతూ చెబుతున్నానుగానీ, ఆ రోజు నా మొహం చూసుంటే మీరు జాలిపడి గ్లాసు మజ్జిగ ఇచ్చేవాళ్లు.

అప్పటికి నేను బి.ఇడి. పూర్తిచేసి ప్రైవేటు స్కూళ్ల చుట్టూ తిరుగుతున్నాను. టీచరుగా తీసుకునే ముందు డెమో క్లాసు చెప్పమంటారు కదా, అలాంటివి ఆరు చెప్పాను. ఆరూ తన్నేశాయి. ఇంట్లో నోరు మూయమన్నా మూయనివాణ్ని, బోర్డు ముందు నిలబడేసరికి గొంతులో పచ్చి వెలక్కాయ పడేది. ఏడో డెమో వినుకొండలో. నాన్న ముందే తేల్చేశాడు.

"ఒరేయ్ శీనూ, ఇది కూడా పోయిందంటే పాఠాలూ లేవు, గీఠాలూ లేవు. సోమవారం పొద్దున్నే మీ బావ పురుగుమందుల కొట్లో కూర్చో."

ఐదో తరగతి నుంచీ నాకు టీచరు కావాలనే పిచ్చి. ఇంట్లో గోడ మీద సుద్దతో రాసి తన్నులు కూడా తిన్నాను. అలాంటివాణ్ని తీసుకెళ్లి మందు డబ్బాల మధ్య కూర్చోబెడతారా? ఈసారి ప్రాణం పోయినా సరే, పాఠం చెప్పి తీరాలనుకున్నాను.

వాళ్లిచ్చిన పాఠం కండిషనల్ సెంటెన్సులు. 'ఇది జరిగితే అది జరుగుతుంది' అని చెప్పే ఇఫ్ వాక్యాలన్నమాట. ప్రాక్టీసుకి విద్యార్థులు కావాలిగా? మా కల్లంలో మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. మా మేనత్త కోటమ్మ, ఇంకో పదిమంది ఆడవాళ్లు ముక్కుకి కొంగు చుట్టుకుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. కూలి రోజు మధ్యలో లేచి పారిపోలేని విద్యార్థులు! అంతకంటే మంచి క్లాసు ఎక్కడ దొరుకుతుంది? వాళ్ల ముందు నిలబడి అందుకున్నాను.

"ఇఫ్ ఇట్ రెయిన్స్, ద చిల్లీస్ విల్ గెట్ వెట్!"

"అంటే ఏందిరా?" అంది అత్త.

"వాన పడితే మిరపకాయలు తడుస్తాయి అని."

పదకొండు తలలూ ఒక్కసారి లేచాయి. అత్త చేతిలో ఉన్న తాలుకాయ వచ్చి నా ముక్కుకి తగిలింది.

"నీ నోరు పడిపోను! కల్లంలో కాయ పెట్టుకుని వాన పేరెత్తుతావా? పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు. వాళ్లకి ఇంగిలీషొస్తే మా గతేం కాను?"

"ఉత్త ఉదాహరణే అత్తా!"

"ఉదాహరణక్కూడా మా కాయ తడవడానికి వీల్లేదు. కాయ గురించి ఏదన్నా మంచి మాట చెప్పు."

తల గోక్కున్నాను. "ఇఫ్ యూ ఈట్ అవర్ చిల్లీ, యూ విల్ క్రై. మా కాయ తింటే నువ్వు ఏడుస్తావు."

"అద్దీ! అట్టా చెప్పు!" అని అందరూ చప్పట్లు కొట్టారు. బోధనా జీవితంలో నాకు పడిన మొదటి చప్పట్లు అవే. ఆ ఊపులోనే నిర్ణయించేసుకున్నాను. రేపు క్లాసుకి బోధనోపకరణంగా మా మిరపకాయలే పట్టుకెళ్తాను!

అత్త పెళ్లికూతురికి నగలు ఎంచినట్టు ఒక్కో కాయా ఎంచింది. తర్వాత చెంబు అందుకుంది. మా దగ్గర ఎండుకాయని బస్తాకెత్తే ముందు కాసిని నీళ్లు చల్లుతారు. లేకపోతే కాయ విరిగి, గింజా పొడీ లేచి, మనుషులు నిలబడలేరు.

"వద్దత్తా! నీళ్లు చల్లితే మెత్తబడతాయి. ఊపితే గలగలమనాలి."

"విరిగితే ఘాటు లేస్తదిరా."

"మిరపకాయల్లో పుట్టి పెరిగినవాణ్ని. నాకు చెబుతున్నావా?"

చెంబు కింద పెట్టి, "నీ ఖర్మ" అంది అత్త.

మర్నాడు ఎనిమిదో తరగతి. వెనక బెంచీలో హెడ్మిస్ట్రెస్ సత్యవతి మేడం నోటుబుక్కుతో కూర్చున్నారు. ఆవిడది గోదావరి జిల్లా. పులుసులో కూడా బెల్లం ముక్క పడాల్సిందేనట. నేను అలవాటు ప్రకారం నోరు తెరిచాను. వెలక్కాయ కూడా అలవాటు ప్రకారం వచ్చి అడ్డం పడింది. గబగబా సంచిలోంచి మిరపకాయలు తీసి ఊపాను. గలగలమన్నాయి. పిల్లల కళ్లు మెరిశాయి. నా గొంతు తెరుచుకుంది.

"ఇఫ్ యూ ఈట్ దిస్ చిల్లీ, యూ విల్ క్రై!"

ముందు బెంచీలో రెండు జడల పిల్ల చెయ్యెత్తింది. "మీరు తిన్నా ఏడుస్తారా సార్?"

"నేనా? మాది మిరపకాయల ఊరమ్మా!"

"మాదీ మిరపకాయల ఊరే సార్. మా తాత పెరుగన్నంలో రెండు నంజుకుంటాడు."

వెనక నుంచి మేడం కంగారుగా, "ఆయ్, వద్దండీ మాస్టారూ, మంట పుడుతుందండీ!" అన్నారు.

చూశారా! అదే నా కొంప ముంచింది. ఆ పిల్ల తాతనైనా క్షమించేవాణ్నిగానీ, బెల్లం పులుసు వాళ్లు మా కాయ గురించి నాకు జాగ్రత్త చెప్పడమా? పల్నాడు పరువంతా నా నాలుక మీదే ఉందనిపించింది. రెండు కాదు, మూడు కాయలు ఒకేసారి నోట్లో వేసుకుని కరకరా నమిలాను.

మొదట ఏమీ కాలేదు. గర్వంగా నవ్వాను. తర్వాత ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. చెవులు వేడెక్కాయి, ఎక్కిళ్లు మొదలయ్యాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నారంటారే, నేను నోరు కాలాక నీళ్లు పట్టుకున్నాను. నీళ్లు తాగితే మంట నాలుగింతలవుతుందని మా ఊళ్లో పాకే పిల్లలక్కూడా తెలుసు! బాధకి రెండో చేతిలో మిగిలిన కాయల్ని పిసికి పొడి చేశాను. కళ్లలో నీళ్లొస్తే అదే చేత్తో తుడుచుకున్నాను.

"అమ్మోయ్!"

ఇది మాత్రం అచ్చ తెలుగు వాక్యం.

"సార్‌కి చెమటలు పడుతున్నాయిరా! ఫ్యాన్ వెయ్యండ్రా!" అంది రెండు జడల పిల్ల. మంచి మనసుతోనే అంది. ఎవరో వేశారు. ఫుల్లు స్పీడులో.

నా చేతిలో పొడి, బల్ల మీద గింజలు, అన్నీ గాల్లోకి లేచాయి. ముందు బెంచీ దగ్గింది, తర్వాత మధ్య బెంచీలు, ఆ తర్వాత గోదావరి జిల్లా. అందరూ ఒకే తలుపులోంచి బయటపడ్డారు.

వరండాలో గోడకి ఆనుకుని ఒంటి కన్నుతో నిలబడ్డాను. మూసుకున్న కంట్లో బావ కొట్టు, మందు డబ్బాలు వరసగా కనిపించాయి. నిజంగానే ఏడ్చాను. ఆ ఏడుపులో మిరపకాయ వాటా ఎంతో, ఏడో డెమో వాటా ఎంతో నాకే తెలియలేదు.

మేడం ఎనిమిదో తుమ్ము తుమ్మి, పిల్లల వైపు తిరిగారు. "ఏం నేర్చుకున్నారర్రా?"

"ఇఫ్ సార్ ఈట్స్ త్రీ చిల్లీస్, సార్ విల్ క్రై!" అంది రెండు జడల పిల్ల.

"ఇఫ్ యూ స్విచ్ ఆన్ ద ఫ్యాన్, ఎవ్రీబడీ విల్ కాఫ్!" అన్నాడు ఫ్యాన్ వేసినవాడు.

"ఇఫ్ సార్ కమ్స్ ఎగైన్, వీ విల్ బ్రింగ్ కర్చీఫ్స్!"

దగ్గుతూనే అందరూ చేతులెత్తుతున్నారు, నేనంటే నేనని. ఒక్క తప్పు లేదు! నా కన్ను మండుతున్నా ఛాతీ మాత్రం ఉబ్బింది.

మేడం కొంగుతో ముక్కు తుడుచుకున్నారు. "నెల రోజుల్నుంచి ఇదే పాఠం నేను చెబుతున్నానండీ. ఒక్కడి నోరూ పెగల్లేదు." నా వైపు తిరిగి, నెమ్మదిగా ఇంగ్లీషులో అన్నారు. "ఇఫ్ యూ జాయిన్ ఆన్ మండే, యూ విల్ నాట్ బ్రింగ్ చిల్లీస్."

ఉద్యోగం వచ్చిందని అర్థం కావడానికి నాకు రెండు ఎక్కిళ్లు పట్టింది.

ఇంటికొచ్చి చెబితే అత్త ఉద్యోగం సంగతి విననేలేదు. "నీళ్లు చల్లమన్నానా, లేదా?" అని నెత్తిన ఒకటి మొట్టి, కల్లంలోకి పరుగెత్తింది. "ఏమ్మేవ్, విన్నారా! మన కాయ దెబ్బకి వినుకొండలో ఇస్కూలే ఖాళీ అయిందంట!" ఆ గర్వం ముందు నా బి.ఇడి. ఏపాటిది!

ఈ పదేళ్లూ అదే స్కూల్లో ఇఫ్ పాఠం నేనే చెబుతున్నాను. మా కల్లం సాక్షిగా, కోటమ్మత్త చెంబు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్లీ క్లాసులోకి ఎండుమిరపకాయ తీసుకెళ్లను. ఒకవేళ తీసుకెళ్లినా నీళ్లు చల్లకుండా తీసుకెళ్లను. ఒకవేళ చల్లడం మరిచిపోయినా ఫ్యాన్ వెయ్యనివ్వను. అయితే మా కాయకి అంత కారం లేదని ఎవరైనా అంటే మాత్రం, ఆ ఫ్యాన్ నేనే వేస్తాను.